గాలి లైఫ్ జాకెట్ సర్వీసింగ్: కొత్త అప్రెంటిస్ చేతికి పని ఎలా రావాలి

"లైఫ్ జాకెట్లు, రాఫ్టులు సర్వీస్ చేసే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాను. మొదట ఏది పట్టుకోవాలి?" "రాత్రి గాలి నింపి పెట్టిన జాకెట్ పొద్దునకి మెత్తబడింది, లీకేనా?" "సర్టిఫికెట్ మీద నేనెప్పుడు సంతకం పెట్టొచ్చు?" ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇవే. అందుకే మూడింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు తేలిక. గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్‌తో మొదలుపెట్టండి. రాఫ్టులో, అంటే ఓడ మునిగితే ఎక్కే గాలి తెప్పలో, ఉండే తలనొప్పులన్నీ జాకెట్లో చిన్న సైజులో ఉంటాయి: గాలి చాంబర్లు, వాల్వులు, గ్యాస్ సిలిండర్, దాన్ని పొడిచే మెకానిజం, గడువు తేదీలు, మడత. పైగా బల్ల మీద పడుతుంది, ఒక్కరే తిప్పి చూసుకోవచ్చు. జాకెట్ మీద చేయి తిరిగినవాళ్ళు రాఫ్టు దగ్గర కంగారుపడరు.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. "ఇది బాగానే ఉంది" అని రాయడానికి బల్ల దగ్గర కూర్చుంటే తప్పులు కనిపించవు. "ఇందులో ఎక్కడో లోపం ఉంది, అదెక్కడో" అనుకుని కూర్చోండి. వెతికినా దొరక్కపోతే అప్పుడు పాస్ చేయండి. ఈ పనంతా ఆ ధోరణి మీదే నడుస్తుంది.

నియమాల సంగతి క్లుప్తంగా. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం కిందకు వచ్చే ఓడల్లో గాలి లైఫ్ జాకెట్లనూ రాఫ్టులనూ 12 నెలలు దాటకుండా సర్వీస్ చేయాలి. అది కుదరని పరిస్థితిలో ఓడ ఏ దేశపు జెండా కింద ఉందో ఆ దేశ యంత్రాంగం 17 నెలల దాకా పొడిగించవచ్చు. రాఫ్టు స్టేషన్లకు అనుమతి ఎలా ఇవ్వాలో ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) తీర్మానం ఏ.761(18) చెబుతుంది. మిగతా పడవల్లో వాడే జాకెట్లకు తయారీదారు మాన్యువల్ ఏం చెబితే అదే. నేను ఇక్కడ రాసినదానికీ మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి.

ఏమేం కావాలి

- మీ చేతిలో ఉన్న మోడల్‌కు సంబంధించిన సర్వీస్ మాన్యువల్, తాజా ఎడిషన్. పక్క మోడల్‌ది "దాదాపు ఇలాగే ఉంటుంది" అని వాడకండి.
- కనీసం ఒక గ్రాము తేడా పట్టే డిజిటల్ తూకం, దాన్ని సరిచూడటానికి తెలిసిన బరువున్న గుండు.
- తక్కువ ఒత్తిడితో పొడి గాలి ఇచ్చే పంపు, నోటి గొట్టానికి సరిపోయే అడాప్టర్, ప్రెషర్ గేజ్. వర్క్‌షాప్ కంప్రెసర్ గొట్టాన్ని నేరుగా తగిలించకండి, అతుకులు చిట్లిపోతాయి.
- గది గోడకు థర్మామీటర్. చాలామంది దీన్ని మరచిపోతారు. ఎందుకు కావాలో ఆరో మెట్టులో చెబుతాను.
- టార్చి, భూతద్దం, సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్.
- ఆ బ్రాండ్, ఆ మోడల్‌కే చెందిన విడిభాగాలు.
- ఎర్ర ట్యాగులు, రికార్డు షీటు, పెన్ను. పెన్సిల్ వద్దు.

బల్ల మీద మెటల్ ముక్కలు, స్టేపుల్ పిన్నులు లేకుండా తుడవండి. ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకోండి. గాలి చాంబర్ బట్టను చాలాసార్లు గీరేది సర్వీస్ చేసేవాడి చేయే.

1. ముట్టుకునే ముందు రాయండి

జాకెట్ చేతికి రాగానే విప్పకండి. మోడల్, సీరియల్ నంబరు, తయారైన తేదీ, గత సర్వీస్ తేదీ రాసుకోండి. తర్వాత ఏ స్థితిలో దొరికిందో రాయండి: లాగే పిడి బయటికి వేలాడుతోందా, సూచిక పచ్చగా ఉందా, పట్టీలు మెలి తిరిగాయా. ఒక ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. విప్పిన తర్వాత ఈ సమాచారం మళ్ళీ దొరకదు. సిలిండర్ వదులుగా వచ్చిందంటే ఆ ఓడలోని మిగతా జాకెట్లనూ అనుమానించాలి. మీరు రాసిపెట్టకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

పచ్చ సూచిక గురించి ఇక్కడే చెప్పాలి. పచ్చగా ఉంటే అంతా సిద్ధమని కొత్తవాళ్ళు నమ్మేస్తారు. కొన్ని మోడళ్ళలో ఆ పచ్చ క్లిప్ చెప్పేది ఒక్కటే, మీట ఇంతవరకు లాగలేదని. లోపల ఖాళీ సిలిండర్ ఉన్నా క్లిప్ పచ్చగానే ఉంటుంది. మీ మోడల్‌లో ఆ రంగు దేన్ని చూపిస్తుందో మాన్యువల్‌లో చదివి తెలుసుకోండి.

2. అన్నిటికంటే ముందు సిలిండర్ తీయండి

మెకానిజం జోలికి వెళ్ళే ముందు సిలిండర్ బయటికి రావాలి. ఈ వరస తప్పితే జాకెట్ మీ ఒళ్ళోనే ఉబ్బుతుంది. చేత్తోనే తిప్పి తీయండి. విప్పేటప్పుడు అది గట్టిగా ఉందా, వేలు తగలగానే తిరిగిందా అన్నది గమనించి రాయండి. వాడకంలో ఉన్న జాకెట్లలో తరచూ దొరికే లోపం ఇదే, సిలిండర్ దానంతటదే వదులవడం.

తీసిన సిలిండర్ మూతిని ఎవరి ముఖం వైపూ పెట్టకండి. టార్చి వేసి మూతి మీది సీలు చూడండి. మధ్యలో సూది మొన దిగినంత బెజ్జం ఉంటే అది వాడేసిన సిలిండర్. బెజ్జం లేకపోయినా సీలు మధ్యలో చిన్న గుంట పడిందంటే సూది తాకి ఆగిందన్నమాట, దాన్నీ పక్కన పెట్టండి. ఒంటి మీద తుప్పు ఉంటే సిలిండర్ మార్చడంతో పని అయిపోదు. అది ఆనుకునే చోట చాంబర్ బట్టను వేలితో తడిమి చూడండి. తుప్పు గరుకు గరగర రాసుకుని బట్ట పలచబడి ఉంటుంది.

ఆ తర్వాతే నీళ్ళు తగిలితే పనిచేసే ఆటోమేటిక్ భాగాన్ని, అంటే నీళ్ళకు కరిగే బాబిన్‌ను తీయండి. బాబిన్, సిలిండర్ రెండూ లోపలే ఉంచి జాకెట్‌ను కడగబోయి పేల్చేసుకునేవాళ్ళు ప్రతి వర్క్‌షాపులోనూ ఒకరుంటారు.

సిలిండర్‌ను చాంబర్ లోపల అమర్చి, నీటి ఒత్తిడితో పనిచేసే రకాల్లో ఈ వరస వర్తించదు. వాటికి వాటి మాన్యువలే శరణ్యం.

3. తూకం వేయండి, సరైన అంకెతో పోల్చండి

తూకం సరిగ్గా ఉందో లేదో ముందు గుండు పెట్టి చూడండి. సిలిండర్‌ను తుడిచి, క్లిప్పులు, ప్లాస్టిక్ ముక్కలు తీసేసి ఒక్కదాన్నే పెట్టండి.

సిలిండర్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి లోపలి గ్యాస్ బరువు, ఉదాహరణకు 33 గ్రాములు. రెండోది గ్యాస్‌తో కలిపి మొత్తం బరువు. పోల్చాల్సింది రెండోదానితో. కొన్నింటి మీద మొత్తం బరువు అని, కొన్నింటి మీద కనీస మొత్తం బరువు అని ఉంటుంది. ఈ రెంటికీ తేడా ఉంది, చదివి చూసుకోండి. ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చో మాన్యువల్ చెబుతుంది. చాలా చోట్ల అది ఒకటి రెండు గ్రాములే.

"ఐదారు గ్రాములే కదా" అనిపిస్తుందేమో, ఒక లెక్క చూడండి. 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ మామూలు గది వేడిలో దాదాపు 18 లీటర్ల చోటు నింపుతుంది. 150 న్యూటన్ల జాకెట్ నీళ్ళలో మోయాల్సింది సుమారు 15 కిలోల బరువు. అందులోంచి 6 గ్రాములు పోతే 3 లీటర్లకు పైగా తగ్గుతుంది, అంటే 3 కిలోలకు పైగా తేలే శక్తి. అప్పుడు జాకెట్ 15 కిలోల గీత కిందకు జారిపోతుంది. స్పృహ తప్పిన మనిషి నోరు నీటి పైన ఉంటుందా లేదా అన్నది ఆ తేడాలోనే తేలుతుంది.

తక్కువ తూగిన సిలిండర్‌ను వెంటనే పనికిరానివాటి డబ్బాలో వేయండి. "తర్వాత చూద్దాం" అని బల్ల మీద ఉంచితే సాయంత్రానికి అది మంచివాటిలో కలిసిపోతుంది.

4. తేదీలు

బాబిన్ లేదా ఆటోమేటిక్ కార్ట్రిడ్జ్, లైటు బ్యాటరీ, జాకెట్ ఆయుష్షు. ఈ మూడూ చూడండి. కొన్నింటి మీద తయారైన తేదీ ఉంటుంది, కొన్నింటి మీద మార్చాల్సిన తేదీ. మొదటిదాన్ని రెండోదిగా చదివితే మంచి సరుకు పారేస్తారు. రెండోదాన్ని మొదటిదిగా చదివితే గడువు దాటింది ఇంకా ఏళ్ళ తరబడి తిరుగుతుంది. ఇంకో సంగతి: తదుపరి సర్వీస్ దాకా గడువు ఉండాలి. ఈ రోజుకు గడువుండి, మూడు నెలల్లో అయిపోయేదాన్ని వదిలేస్తే మిగతా తొమ్మిది నెలలు ఆ జాకెట్ పేరుకే జాకెట్.

5. బట్ట, కుట్టు, బకిల్

జాకెట్‌ను పూర్తిగా విప్పి పరచండి. ఉప్పు పేరుకుని ఉంటే గోరువెచ్చని మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. పెట్రోలు, థిన్నర్ లాంటివి దగ్గరికి రానివ్వకండి.

మడత గీతల దగ్గర బట్టను బయటికి వంచి టార్చి వెలుగులో చూడండి. తెల్లటి సన్నని గీతలు కనిపిస్తే పైపూత చిట్లుతోందన్నమాట. పట్టీల మీద కుట్టు దారం తెగిందా, ఎండకు రంగు పోయి పెళుసెక్కిందా చూడండి. పెళుసెక్కిన దారం గోటితో గీరితే పొడి పొడిగా రాలుతుంది. ప్రతి బకిల్‌నూ పెట్టి, గట్టిగా లాగి, తీసి చూడండి. విజిల్ ఊదండి, లైటు వెలిగించండి. రిఫ్లెక్టివ్ టేపు అంచులు లేచాయేమో చూడండి. ఈ మెట్టులో తెలివితేటలకంటే ఓపికే ఎక్కువ అవసరం.

6. గాలి నింపి వదిలేయండి

నోటి గొట్టం ద్వారా పొడి గాలి నింపండి. నోటితో ఊదొద్దు, ఊపిరిలోని తేమ లోపల చేరి బూజు పడుతుంది. పంపు లేకపోతే అడాప్టర్ తగిలించిన చేతి పంపు చాలు. మెకానిజం తీసిన చోట మూత బిగించాలో అక్కర్లేదో మాన్యువల్ చూడండి. నింపాల్సిన ఒత్తిడి కూడా అందులోదే.

పరీక్షకు కార్బన్ డయాక్సైడ్ వాడకండి. అది బట్ట పూతలోంచి గాలికంటే త్వరగా జారిపోతుంది, మంచి జాకెట్ కూడా లీకయినట్టు కనిపిస్తుంది.

సోలాస్ జాకెట్లలో కనీసం రెండు వేర్వేరు చాంబర్లుంటాయి. ఒక్కోదాన్నీ విడిగా నింపి పరీక్షించాలి, రెండోది ఖాళీగా ఉండాలి. రెండూ ఒకేసారి నింపేస్తే మధ్య గోడకున్న బెజ్జం దాక్కుంటుంది. రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటే గాలి అటూ ఇటూ ఎందుకు పోతుంది? ఒకటి నింపి ఉంచండి. ఖాళీది మెల్లగా ఉబ్బడం మొదలైతే గోడ పోయింది.

నింపాక ఒత్తిడి, సమయం, గది వేడి, మూడూ రాయండి. మాన్యువల్ చెప్పినంత సేపు, సాధారణంగా రాత్రంతా లేదా 24 గంటలు, ఎండ తగలని చోట కదపకుండా వదిలేయండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, పొద్దునకి మెత్తబడిన జాకెట్. గేజ్ చూపేది బయటి గాలికంటే లోపల ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. వేడి తగ్గితే లోపలి మొత్తం ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదలంతా గేజ్ మీది చిన్న అంకెలోంచే పోతుంది. ఉదాహరణకు సాయంత్రం 20 డిగ్రీల గదిలో గేజ్ 10 కిలోపాస్కల్స్ చూపిందనుకుందాం. లోపలి మొత్తం ఒత్తిడి సుమారు 111. పొద్దునకి గది 15 డిగ్రీలకు దిగితే ఒక్క బుడగ బయటికి పోకపోయినా దాదాపు 2 కిలోపాస్కల్స్ పడిపోతాయి. అంటే గేజ్‌లో అయిదో వంతు! థర్మామీటర్ లేనివాడు దాన్ని లీకు అంటాడు. సాయంత్రం చల్లగా, పొద్దున వేడిగా ఉంటే దీనికి తిరగబడుతుంది. నిజంగా లీకున్న జాకెట్ కూడా నిక్కచ్చిగా నిలబడి పాసైపోతుంది. నాకు రెండోదాని గురించే భయం ఎక్కువ. బయటి వాతావరణ ఒత్తిడి మారినా గేజ్ కాస్త కదులుతుంది.

అందుకే రెండు పనులు చేయండి. గది వేడి నింపినప్పటి స్థాయికి వచ్చాకే రెండో రీడింగ్ తీయండి. అది కుదరకపోతే, ఇప్పటికే పాసైన ఒక జాకెట్‌ను అదే ఒత్తిడికి నింపి పక్కనే సాక్షిగా పెట్టండి. రెండూ ఒకేలా తగ్గితే వేడి పని. ఒకటే తగ్గితే లీకు. గేజ్ లేకుండా చేత్తో నొక్కి "గట్టిగానే ఉంది" అనడం ఓడలో చేసే చెకింగుకు సరిపోతుందేమో, సర్వీసుకు సరిపోదు.

7. లీకు ఎక్కడో వెతకండి

ఒత్తిడి నిజంగానే పడింది. అయితే ముందు జాకెట్‌ను అనుమానించకండి, మీ అడాప్టర్‌ను, గేజ్ గొట్టాన్ని అనుమానించండి. వాటి అతుకులకు సబ్బు నీళ్ళు పూయండి. అక్కడేమీ లేకపోతే నోటి గొట్టం వాల్వు, మెకానిజం చాంబర్‌కు అతికే చోటు, వెల్డు అంచులు, మడత గీతలు, సిలిండర్ రాసుకునే చోటు, ఈ వరసలో చూడండి. ఎక్కువ లీకులు మొదటి రెండింటిలోనే దొరుకుతాయి.

నీళ్ళ తొట్టిలో ముంచి చూడటం ఇంకో దారి. బట్టకు అంటుకున్న గాలి బుడగలు మొదట కాసేపు వస్తాయి, చేత్తో తుడిచేయండి. తుడిచాక కూడా అదే చోటు నుంచి వరసగా వస్తుంటే అదీ లీకు. మార్కు పెట్టండి. తర్వాత సబ్బు కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే శుభ్రం చేసి మళ్ళీ మొదటి నుంచి పరీక్షించవచ్చు. చాంబర్‌కే బెజ్జం పడితే తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప ప్యాచ్ వేయకండి. ఎర్ర ట్యాగ్ కట్టి, యజమాని ఒప్పుకుంటే మళ్ళీ ఎవరూ తొడుక్కోకుండా కోసేయండి.

8. గాలి తీసి, మళ్ళీ సిద్ధం చేయండి

నోటి గొట్టం వాల్వును స్క్రూడ్రైవర్‌తోనో పెన్సిల్‌తోనో నొక్కకండి. చాలా మోడళ్ళలో దుమ్ము మూతను తిరగేసి పెడితే అదే వాల్వును నొక్కి పడుతుంది. జాకెట్‌ను మెల్లగా చుడుతూ గాలంతా తీయండి. ఆ వెంటనే మూతను మళ్ళీ తిన్నగా పెట్టండి. తిరగేసిన మూతతో మడిచి పంపిన జాకెట్ నీళ్ళలో ఉబ్బుతుంది, ఉబ్బుతూనే ఆ గొట్టంలోంచి గ్యాస్ వదిలేస్తుంది. బయటికి ఏ తేడా కనిపించదు. మొత్తం పనిలో ఇంతకంటే మోసకారి తప్పు లేదు.

సిద్ధం చేసే వరస విప్పిన వరసకు సరిగ్గా తిరగబడి ఉంటుంది. మొదట మీటను దాని స్థానంలో పెట్టి, సిలిండర్ బిగించే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. పొడిచే సూది లోపలికి పోయి ఉండాలి. బయటికి పొడుచుకుని ఉండగా సిలిండర్ బిగిస్తే మీ చేత్తో మీరే దాన్ని పొడుస్తారు. తర్వాత కొత్త బాబిన్. దాన్ని ప్యాకెట్లోంచి అప్పుడే తీయండి, తడి చేత్తో ముట్టుకోకండి. వాషర్ చూడండి, నలిగితే మార్చండి. ఆఖరున సిలిండర్.

సిలిండర్‌ను చేత్తోనే గట్టిగా బిగించండి. పాన వద్దు, టెఫ్లాన్ టేపు వద్దు. బిగించి చేయి తీసేసి, అర నిమిషం తర్వాత మళ్ళీ పట్టుకుని తిప్పి చూడండి. ఇంకా తిరిగిందంటే మొదటిసారి మర పూర్తిగా ఎక్కకముందే మీరు ఆపేశారన్నమాట.

9. మడత

మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, దాని ప్రకారమే మడవండి. చాంబర్లో గాలి మిగిలితే మడత కుదరదు, బలవంతంగా కూరితే కవరు దానంతటదే విచ్చుకుంటుంది. పాత మడత గీత మీదే మళ్ళీ పదునుగా నొక్కకండి. లైటు తీగ, తొడ పట్టీ చాంబర్ చుట్టూ చిక్కుకోకూడదు. లాగే పిడి బయటికి వేలాడాలి, లోపల మడతలో దాక్కోకూడదు. కవరు మూసేశాక ఒకసారి కళ్ళు మూసుకుని, జాకెట్ తొడుక్కున్నట్టు ఊహించి, ఆ పిడి కోసం వెతకండి. చేతికి వెంటనే అందాలి.

అమెరికా సైన్యంలో పారాచూట్లు మడిచేవాళ్ళు తాము మడిచిన ఏ పారాచూట్‌తోనైనా దూకడానికి సిద్ధంగా ఉండాలి. మనకు ఆ సంప్రదాయం లేదు గానీ, ఆ ప్రశ్న మడిచే ప్రతిసారీ వేసుకోదగ్గదే.

బల్ల మీది పనిముట్లు లెక్కపెట్టి, ఒకటి తక్కువైతే మడిచినదాన్ని విప్పండి. మొహమాటపడకండి.

10. రికార్డు

ఏ మెట్టు పూర్తయితే ఆ మెట్టు అప్పుడే రాయండి. "తూకం సరే" అని రాయకండి, అంకె రాయండి. వేడి, ఒత్తిడి, సమయం కూడా అంకెల్లోనే. చేయని పని ఎదురుగా "చేయలేదు" అని, ఎందుకో రాయండి. సాయంత్రం కూర్చుని అన్ని గడుల్లో ఒకేసారి టిక్కులు పెట్టే అలవాటు మొదటి వారంలో అంటుకుంటే తర్వాత వదలదు. సీరియల్ నంబరును పాత షీటులోంచి ఎత్తి రాయకుండా జాకెట్ మీద చూసి రాయండి.

రాఫ్టు దగ్గర మీ వంతు

రాఫ్టు దగ్గర అప్రెంటిస్ చాలాకాలం సాయం పట్టే చేయే. ఆ చేయికి తెలియాల్సినవి చెబుతాను.

మొదటిది సిలిండర్. దాని గ్యాస్ జాకెట్ సిలిండర్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు. మీ సీనియర్ ఫైరింగ్ హెడ్‌కు (తాడు లాగితే సిలిండర్‌ను తెరిచే భాగానికి) సేఫ్టీ పిన్ను పెట్టి విడదీసేదాకా కంటెయినర్ దగ్గర తాడేదీ లాగకండి. విడదీసిన సిలిండర్ మూతికి రక్షణ మూత బిగించకుండా కదపకండి. గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొస్తే సిలిండరే ఎగిరి పడుతుంది. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ చర్మాన్ని మంచు కాటులా కాలుస్తుంది, మూసిన గదిలో ఊపిరాడనివ్వదు. తలుపులు తెరిచి ఉంచండి.

రాఫ్టు నేల మీద బూట్లతో నడవకండి. జేబులు ఖాళీ చేయండి.

పరీక్షల సంగతి. మామూలు వార్షిక సర్వీసులో వర్కింగ్ ప్రెషర్ టెస్టు, అంటే వాడకంలో ఉండే ఒత్తిడికి నింపి చూసే పరీక్ష, చేస్తారు, గంటలో ఒత్తిడి 5 శాతానికి మించి పడకూడదు. అయిదేళ్ళకోసారి దాని సొంత గ్యాస్‌తోనే ఉబ్బించి చూస్తారు. పదేళ్ళు నిండిన రాఫ్టుకు ఏటా అదనపు ఒత్తిడి పరీక్ష, నేల అతుకుల పరీక్ష ఉంటాయి. ఆ 5 శాతం దగ్గర థర్మామీటర్ మళ్ళీ గుర్తుకు రావాలి. రాఫ్టులో 17 కిలోపాస్కల్స్ ఉన్నాయనుకుంటే ఒక డిగ్రీ తేడాకే సుమారు 0.4 కిలోపాస్కల్ కదులుతుంది. అంటే మూడు డిగ్రీలు తగ్గితే ఏ లీకూ లేకుండానే 5 శాతం గీత దాటేస్తారు. పరీక్ష జరుగుతుండగా పెద్ద తలుపు తెరిచి చలిగాలి రానిచ్చేవాళ్ళను ఆపడం మీ పనే అనుకోండి.

లోపలి సామాను లెక్కపెట్టే పని మీకే ఇస్తారు. ఈ అత్యవసర సామాను ఏ, బి అని రెండు రకాల ప్యాక్‌లుగా ఉంటుంది. సోలాస్ ‘ఏ’ ప్యాక్‌లో 4 పారాచూట్ రాకెట్లు, 6 చేతి ఫ్లేర్లు, 2 పొగ డబ్బాలు, మనిషికి లీటరున్నర నీళ్ళు ఉండాలి. బి ప్యాక్‌లో ఫ్లేర్లు, పొగ డబ్బాలు సగం, తిండీ నీళ్ళూ ఉండవు. కంటెయినర్ మీద రాసిన అక్షరం చూసి లెక్క మొదలుపెట్టండి. గడువు దాటిన ఫ్లేర్లు పేలుడు సామగ్రి. చెత్తబుట్టలో వేయకుండా వాటికి కేటాయించిన చోట, శిక్షణ ఉన్నవారికి అప్పగించండి.

ఓడ మీద రాఫ్టు తిరిగి బిగించేటప్పుడు తాడు ఎక్కడ కట్టారో చూడండి. ఓడ మునిగితే 4 మీటర్ల లోతు దాటకముందే నీటి ఒత్తిడితో రాఫ్టును వదిలే హైడ్రోస్టాటిక్ యూనిట్ ఒకటి ఉంటుంది. తాడును బలహీన లంకె (రాఫ్టు గట్టిగా లాగితే తెగిపోయేది) ద్వారా కాకుండా నేరుగా డెక్ మీది గట్టి రింగుకు కట్టేస్తే, ఓడతో పాటు రాఫ్టూ మునుగుతుంది. ఈ తప్పు చాలామంది నావికులు మంచి ఉద్దేశంతోనే చేస్తారు, గట్టిగా కడదామని. వాడి పారేసే రకం యూనిట్ల మీద గడువు నెల, సంవత్సరం గుర్తు పెట్టారో లేదో కూడా చూడండి.

ఇమ్మర్షన్ సూట్లు, అంటే చల్లటి నీళ్ళలో ఒంటి వేడి కాపాడే సూట్లు, మీ చేతికొస్తే, జిప్పుకు తయారీదారు చెప్పిన మైనం రాసి, అతుకులకు గాలి పరీక్ష చేస్తారు. మూడేళ్ళు దాటకుండా ఒకసారి, పదేళ్ళు దాటిన సూట్లకు ఇంకా తరచుగా. అక్కడ ఒత్తిడి చాలా తక్కువ, 0.7 నుంచి 1.4 కిలోపాస్కల్స్. జాకెట్ గేజ్ పెట్టి చూస్తే ముల్లు కదిలినట్టే ఉండదు, వేరే గేజ్ కావాలి.

మీకు పని వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

సీనియర్‌ను ఒక సాయం అడగండి. శిక్షణకు పక్కన పెట్టిన పాత జాకెట్లలో కొన్నింటికి మీకు చెప్పకుండా లోపాలు పెట్టమనండి. వాడేసిన సిలిండర్‌కు పచ్చ క్లిప్, తిరగేసిన మూత, మడతలో దాచిన పిడి, గడువు దాటిన బాబిన్, మధ్య గోడకు సూది బెజ్జం. వాటిలో ఏ లోపమూ లేని జాకెట్ ఒకటి రెండు కలపమనండి. లోపాలన్నీ పట్టుకోవాలి, మంచిదాన్ని కారణం లేకుండా తిప్పికొట్టకూడదు. రెండూ కుదిరేదాకా గడియారం వైపు చూడకండి. వేగం అదే వస్తుంది.

మీరు వదిలేసినవి ఏ మెట్టువో రాసుకోండి. చాలామందికి ఒకే మెట్టు పదే పదే జారిపోతుంది, కొందరికి తేదీలు, కొందరికి మూత. మీదేదో తెలిస్తే షీటులో ఆ గడి చుట్టూ ఎర్ర గీత గీసుకోండి.

సంతకం ఎప్పుడు?

ఆ మోడల్ మీద తయారీదారు శిక్షణ పూర్తిచేసి, అనుమతి ఉన్న స్టేషన్‌లో పనిచేస్తున్నప్పుడే. ఒక బ్రాండ్ సర్టిఫికెట్ ఇంకో బ్రాండ్‌కు చెల్లదు, దానికి గడువు కూడా ఉంటుంది. అప్పటిదాకా మీది "చేసినవారు" గడి. "తనిఖీ చేసినవారు" గడి మీ సీనియర్‌ది. పని ఒత్తిడిలో ఆయన జాకెట్ విప్పకుండానే ఆ గడి నింపబోతే, "సార్, ఒక్కసారి మూత చూడండి" అని మీరే అడగండి.